పాల పన్ను నుంచి న్యూరాన్ దాకా: గుంటూరు ల్యాబ్ డైరీ

గుంటూరులో ఒక చిన్న ల్యాబ్‌లో నడుస్తున్న పని ఇది. ఏంజెల్‌మన్ సిండ్రోమ్ (మెదడు ఎదుగుదలని దెబ్బతీసే జన్యు జబ్బు) ఉన్న పిల్లల పాల పళ్ళ నుంచి స్టెమ్ సెల్స్ (వేరే రకం కణాలుగా మారగల మూల కణాలు) తీసి, వాటిని న్యూరాన్లుగా (నరాల కణాలుగా) మార్చి, ఆ జబ్బు లేని పిల్లల కణాలతో పోల్చి చూడటం. మన దగ్గర డెంటల్ కాలేజీల్లో ఎవరైనా ఇదే పని మొదలుపెడితే, మేము పోగొట్టుకున్న శాంపిళ్ళు వాళ్ళు పోగొట్టుకోకూడదని రాస్తున్నాను. పేపర్లలో "పళ్ళు సేకరించాం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు చూడండి, మమ్మల్ని ముంచింది ఎక్కువగా అదే. పన్ను నోట్లోంచి ఊడి మా బల్ల మీదికి వచ్చేలోపే సగం ఆట అయిపోతుంది.

పన్నే ఎందుకు

15వ క్రోమోజోమ్ మీద యూబీఈ3ఏ అనే జీన్ ఉంది. ఒంట్లో చాలా కణాల్లో అమ్మ నుంచి వచ్చిన కాపీ, నాన్న నుంచి వచ్చిన కాపీ రెండూ పనిచేస్తాయి. న్యూరాన్లలో మాత్రం యూబీఈ3ఏ-ఏటీఎస్ అనే ఎదురు ఆర్ఎన్ఏ (అదే జీన్ మీద ఎదురు దిశలో తయారయ్యేది) నాన్న కాపీ నోరు మూయిస్తుంది. కాబట్టి అమ్మ కాపీ పోయిన బిడ్డకి న్యూరాన్లలో ఆ ప్రోటీన్ తయారయ్యే దారే ఉండదు. సుమారు 70 శాతం మందిలో అమ్మ వైపు ఈ జీన్ ఉన్న 15క్యూ11-క్యూ13 ముక్క మొత్తంగా ఎగిరిపోయి ఉంటుంది. హ్యారీ ఏంజెల్‌మన్ అనే ఇంగ్లండ్ పిల్లల డాక్టరు 1965లో ముగ్గురు పిల్లల గురించి రాశాడు, అసలు జీన్ ఏదో 1997లో తేలింది. 12 వేల నుంచి 20 వేల మందిలో ఒకరికి వస్తుందని అంచనా.

రక్తంతో మిథైలేషన్ టెస్టు (డీఎన్ఏ మీద అమ్మ, నాన్న కాపీల గుర్తులు చూసే పరీక్ష) చేస్తే జబ్బు ఉందో లేదో చాలామందిలో తెలిసిపోతుంది. న్యూరాన్ లోపల ఏం జరుగుతోందో మాత్రం రక్తకణం చూపించలేదు. చర్మం ముక్క తీసి, యమనాకా అనే జపాన్ శాస్త్రవేత్త పద్ధతిలో ఐపీఎస్ కణాలు (వెనక్కి తిప్పి, ఏ కణంగానైనా మారేలా చేసినవి) చేసి, అక్కడి నుంచి న్యూరాన్లు చేయొచ్చు, కానీ ఆ ఖర్చూ ఆ నెలలూ మా వల్ల కాదు. పైగా ఒళ్ళు కుదురుగా ఉంచని పిల్లాడికి బయాప్సీ అంటే అమ్మానాన్నలే వద్దంటారు. పాల పన్ను ఎలాగూ ఊడుతుంది. దాని పల్ప్‌లో (పన్ను లోపలి మెత్తని గుజ్జులో) ఉండే స్టెమ్ సెల్స్ పిండంలో నరాల కణాలు కూడా పుట్టే న్యూరల్ క్రెస్ట్ నుంచి వచ్చినవి, అంటే నరాలకి దగ్గరి చుట్టాలు. ఊడిన పాల పళ్ళలో ఈ కణాలున్నాయని 2003లో మియురా, షి బృందం చూపించింది. ఒక్కో ముందు పన్నులో 12 నుంచి 20 దాకానే ఉంటాయని వాళ్ళ లెక్క. 15వ క్రోమోజోమ్ జబ్బుల మీద ఇదే దారిలో వెళ్ళింది మెంఫిస్‌లోని లారెన్స్ రైటర్ ల్యాబ్. మేము మొదట పట్టుకున్న ప్రోటోకాల్ కూడా దాదాపు వాళ్ళదే.

దశ 0: కాగితాలు

ఎథిక్స్ కమిటీ ఒక్కటే చాలదు, స్టెమ్ సెల్స్‌కి విడిగా ఐసీ-ఎస్‌సీఆర్ అనే కమిటీ అనుమతి కూడా కావాలి. స్టెమ్ సెల్స్ మీద ఐసీఎంఆర్ (దేశ వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ముందు చదువుకోండి. అమ్మానాన్నల సంతకంతో పాటు, అర్థం చేసుకోగల పిల్లలైతే 7 నుంచి 12 ఏళ్ళ వాళ్ళ దగ్గర నోటి మాటగా, 12 దాటితే రాతలో ఒప్పుకోలు తీసుకోవాలి.

ఫారంలో ఒక వాక్యం పెద్ద అక్షరాల్లో పెట్టించాం: ఇది వైద్యం కాదు. ఎందుకంటే ప్రతి ఇంట్లో మొదటి ప్రశ్న అదే. "మేడం గారూ, దీంతో మా బాబుకి నయం అవుద్దా?" అవదు అని ఆ నిమిషంలోనే చెప్పేయాలి, నసగకూడదు. ఒక నాన్నగారు డబ్బు కట్టి పన్నుని స్టెమ్ సెల్ బ్యాంకులో దాచుకోమంటారా అని అడిగారు. మన దేశంలో బ్యాంకింగ్‌కి అనుమతి ఉన్నది బొడ్డుతాడు రక్తానికి మాత్రమే, పళ్ళకి లేదు. ఎవరైనా బ్రోషర్ పట్టుకుని వస్తే ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దని చెప్పాం.

దశ 1: పళ్ళు రావడం

ఇంట్లో ఊడిన పన్నుని కుటుంబమే తెచ్చి ఇస్తుందని మొదట్లో మా ప్లాన్. కాగితం మీద బాగానే ఉంది. మా వైపు ఊడిన పన్నుని పేడలో చుట్టి ఇంటి కప్పు మీదికి విసురుతారు, అలా చేస్తే కొత్త పన్ను చక్కగా వస్తుందని. తెనాలి దగ్గర ఒక మామ్మగారు తెగేసి చెప్పారు: "పన్ను బయటోళ్ళకి ఇచ్చేది లేదమ్మాయ్, పిల్లాడికి పళ్ళు వంకర వస్తే నువ్వు చూస్తావా?" ఆవిడతో వాదించి లాభం లేదు. మేము పద్ధతి మార్చాం. పల్ప్ తీసేశాక ఖాళీ పన్నుని ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడి ఆవిరిలో శుద్ధి చేసి) తిరిగి ఇచ్చేస్తామన్నాం, దానికి కమిటీలో సవరణ కూడా పెట్టాం. ఆ తర్వాత మామ్మలే ఫోన్ చేసి "మా పన్ను ఎప్పుడిస్తారు" అంటున్నారు. ఒక జాగ్రత్త: వెండి ఫిల్లింగ్ ఉన్న పన్నుని ఆటోక్లేవ్‌లో పెట్టకండి, పాదరసం ఆవిరి వస్తుంది. అలాంటివి ఫార్మలిన్‌లో శుద్ధి చేయాలి, కాబట్టి తిరిగి ఇవ్వం.

ఏంజెల్‌మన్ పిల్లలతో ఇంకో చిక్కు ఉంది. చేతికందింది నోట్లో పెట్టుకుంటారు, ఊడిన పన్నుని మింగేస్తారు. ఊడిందని అమ్మకి తెలిసేది మర్నాడు అన్నం పెట్టేటప్పుడు.

ఇక దొరికినవాటిలో చాలా పళ్ళు వాటంతట అవే ఊడేసరికి వేరు పూర్తిగా కరిగిపోయి, లోపల పల్ప్ ఎండిన పొరలా మిగిలింది. పనికొచ్చేది బాగా కదులుతూ, చిగుళ్ళని ఇంకా కొంచెం పట్టుకుని ఉన్న పన్ను. దాన్ని డాక్టరు తీసినప్పుడు కింద ఎర్రగా తడి పల్ప్ కనబడాలి. అందుకే ఇళ్ళ మీద ఆధారపడటం తగ్గించి పిల్లల దంత వైద్యులతో మాట్లాడుకున్నాం. ఏంజెల్‌మన్ పిల్లలకి ఎలాగూ మత్తు ఇచ్చి పుచ్చుపళ్ళు చూస్తారు కదా, అదే సమయంలో కదిలే పాల పన్ను ఉంటే మాకు. పుచ్చిపోయిన పన్ను మాత్రం మాకొద్దు.

ఇప్పటిదాకా లెక్క: వచ్చిన పళ్ళు 9. పల్ప్ ఉన్నవి 5. వాటిలో బ్యాక్టీరియా, ఫంగస్ పట్టినవి 3, అంటుకోనిది 1, పెరిగింది 1.

దశ 2: డబ్బా

ఐదింట్లో మూడు పాడయ్యేసరికి ల్యాబ్‌లో తలో మాట. మిర్చి సీజన్ నడుస్తోంది, యార్డు నుంచి దుమ్ము కొట్టుకొస్తోందని ఒకరు ఖాయం చేసేశారు. సరే అని సబరాడ్ ప్లేట్లు (ఫంగస్ పెరిగే జెల్లీ ప్లేట్లు) మూత తీసి గంటసేపు అక్కడక్కడా పెట్టాం. వడకట్టిన గాలి వచ్చే హుడ్ లోపల 0 కాలనీలు, తలుపు దగ్గర 6, ఏసీ గాలి తగిలే బల్ల మీద 14. మిర్చికి ఏ పాపం తెలియదు, ఏసీ ఫిల్టర్ కడగలేదు అంతే. ఫిల్టర్ శుభ్రం చేసి, ట్యూబులు ఆ బల్ల మీద తెరవడం మానేశాక ఫంగస్ బెడద బాగా తగ్గింది.

బ్యాక్టీరియా, చచ్చిన కణాల సంగతి వేరు. ఉష్ణోగ్రత నమోదు చేసే వేలెడంత డేటా లాగర్‌ని ట్యూబ్ పక్కన కట్టి డబ్బాలో పంపించాం. వచ్చిన అంకెలు:

ఏ చల్లదనం లేకుండా స్కూటర్ డిక్కీలో, ఏప్రిల్ మధ్యాహ్నం: 41 డిగ్రీలు.
ఫ్రీజర్ నుంచి తీసిన జెల్ ప్యాక్ నేరుగా ట్యూబ్‌కి ఆనించి: మైనస్ 1.8.
జెల్ ప్యాక్‌ని బయట చెమట పట్టేదాకా ఉంచి, పేపర్‌లో చుట్టి, మధ్యలో అట్టముక్క పెట్టి: 5 నుంచి 9 డిగ్రీల మధ్య, తెనాలి నుంచి వచ్చేదాకా.

రెండోది అందరూ చేసే పనే, ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకుంటారు. కణం లోపల మంచు పలుకులు ఏర్పడితే కణం చిరిగిపోతుంది, పన్ను పైకి బంగారంలా ఉంటుంది, లోపల ఏమీ బతకదు.

ఇప్పుడు వాడుతున్న కిట్:

1. 15 మి.లీ. ట్యూబ్‌లో 10 మి.లీ. డీఎంఈఎం/ఎఫ్12 మీడియం (కణాలు బతికే పోషక ద్రవం), అందులో 25 మిల్లీమోలార్ హెపెస్. హెపెస్ లేకపోతే బయటి గాలిలో పీహెచ్ నిలబడదు.
2. పెనిసిలిన్ మి.లీ.కి 200 యూనిట్లు, స్ట్రెప్టోమైసిన్ 200 మైక్రోగ్రాములు, ఆంఫోటెరిసిన్-బి 0.5 మైక్రోగ్రాము. ఇది దారికి మాత్రమే, పెంచేటప్పుడు ఇందులో సగం.
3. పన్ను తీసే ముందు 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో నోరు పుక్కిలించాలి. పుక్కిలించలేని పిల్లలకి గాజుగుడ్డతో తుడవాలి.
4. పన్నుని పట్టకారుతో నేరుగా ట్యూబ్‌లోకి. కాగితంలో చుట్టొద్దు, నీళ్ళతో కడగొద్దు.
5. ద్రవం గులాబీ రంగులో ఉండాలి. పసుపు తిరిగితే లోపల బ్యాక్టీరియా పెరుగుతోందని అర్థం, వెంటనే ఫోన్ చేయాలి.
6. 24 గంటల్లో ల్యాబ్‌కి. 48 దాటితే తీసుకుంటాం కానీ ఆశ పెట్టుకోం.

ఇప్పటిదాకా లెక్క: వచ్చినవి 21. పల్ప్ ఉన్నవి 15. పాడైనవి 5, అంటుకోనివి 2, పెరిగినవి 8.

దశ 3: పల్ప్ తీసి పెంచడం

మొదట పెద్దల జ్ఞానదంతాలకి రాసిన పద్ధతి వాడాం: కొలాజినేజ్ మి.లీ.కి 3 మి.గ్రా., డిస్పేజ్ 4 మి.గ్రా., 37 డిగ్రీల దగ్గర గంట, తర్వాత 70 మైక్రాన్ జల్లెడ. జ్ఞానదంతంలో పల్ప్ బాగానే ఉంటుంది కాబట్టి అది తట్టుకుంటుంది. పాల పన్నులో వచ్చేది బియ్యపు గింజలో సగం. గంటసేపు ఎంజైమ్‌లో నానితే కణాలు నలిగిపోయేవి, మిగిలినవి జల్లెడకే అంటుకుపోయేవి.

మార్చినవి:

1. ఎంజైమ్ 30 నుంచి 40 నిమిషాలు. పది నిమిషాలకోసారి ట్యూబ్‌ని వేలితో తట్టాలి.
2. జల్లెడ తీసేశాం. తునకలతో సహా మొత్తం ప్లేట్‌లోని ఒకే గుంటలో పోస్తాం.
3. ఫ్లాస్క్ కాదు, 12 గుంటల ప్లేట్, అడుగున పాలీ-డి-లైసిన్ పూత. పదుల్లో ఉన్న కణాలని ఫ్లాస్క్‌లో వేస్తే ఒకదానికొకటి అందనంత దూరంలో పడి పెరగడం మానేస్తాయి.
4. పల్ప్ లాగడానికి బార్బ్డ్ బ్రోచ్ (ముళ్ళున్న సన్నటి సూది), గోడలు గీకడానికి చిన్న స్పూన్ ఎక్స్‌కవేటర్. వేరు కరిగిన పన్నుకి కింద నుంచే దారి ఉంటుంది, డిస్క్‌తో కోయక్కర్లేదు. కోస్తే పుట్టే వేడికి పల్ప్ ఉడుకుతుంది.
5. మొదటి నాలుగు రోజులు ప్లేట్ కదపకూడదు. ఏమైందో చూద్దామని రోజూ మైక్రోస్కోప్ కిందికి తెచ్చిన గుంటల్లో కణాలు అంటుకోలేదు. ఇంక్యుబేటర్ తలుపు మీద కాగితం అంటించాల్సి వచ్చింది.

మీడియం ఆల్ఫా-ఎంఈఎం, 15 శాతం సీరం, 100 మైక్రోమోలార్ ఆస్కార్బేట్-2-ఫాస్ఫేట్. సీరం లాట్ మారిస్తే పెరుగుదల మారుతుంది, కాబట్టి ఒకే లాట్ సీసాలు ఒకేసారి కొనేయండి, ఎంత కష్టమైనా సరే. బాగున్న పన్ను నుంచి వారం రెండు వారాల్లో పొడుగాటి కణాల గుంపులు కనబడతాయి. స్టెమ్ సెల్ గుర్తులైన సీడీ73, సీడీ90, సీడీ105 ఉండాలి, రక్తకణాల గుర్తులైన సీడీ34, సీడీ45 ఉండకూడదు. కంటికి కనబడకుండా కణాల్లో చేరే మైకోప్లాస్మా బ్యాక్టీరియా కోసం పీసీఆర్ టెస్టు ప్రతి లైన్‌కీ (ఒక పన్ను నుంచి పెరిగిన కణాలని లైన్ అంటాం). అది లేకుండా ఏ ప్లేటూ పెద్ద ఇంక్యుబేటర్‌లోకి వెళ్ళదు.

ఇప్పటిదాకా లెక్క: వచ్చినవి 34. పల్ప్ ఉన్నవి 26. పాడైనవి 6, అంటుకోనివి 2, పెరిగినవి 18.

దశ 4: మే నెల

కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్ వేడి చేయగలదే కానీ చల్లబరచలేదు. 37 దగ్గర నిలబడాలంటే గది దానికంటే కనీసం ఐదారు డిగ్రీలు తక్కువ ఉండాలి. ఈ సంగతి అమ్మేవాళ్ళెవరూ చెప్పరు, చల్లని దేశాల్లో అవసరం రాదు కాబట్టి మాన్యువల్‌లో ఎక్కడో చివర ఉంటుంది. మా ఇంక్యుబేటర్ జనరేటర్ లైన్ మీద ఉంది, ఏసీ మామూలు లైన్ మీద ఉంది. రాత్రి కరెంట్ పోయింది, జనరేటర్ ఎత్తుకుంది, ఇంక్యుబేటర్ హాయిగా నడిచింది, ఏసీ ఆగింది. గది 36కి పోయింది. పొద్దున లాగర్ తీసి చూస్తే ఇంక్యుబేటర్ లోపల 39.4 దాకా వెళ్ళి గంటలకొద్దీ అక్కడే ఉంది.

ఆ సమయానికి లోపల మూడు కణాల లైన్లు ఉన్నాయి. కణాలు బతికే ఉన్నాయి, కానీ వెడల్పుగా సాగిపోయి, విభజన మందగించింది. ఉంచుదామా అని చాలాసేపు మాట్లాడుకున్నాం. పారేశాం. మేము చూసేది జీన్ ఎక్కువైందా తక్కువైందా అని, జ్వరం తగిలిన కణాన్ని తగలని కణంతో పోల్చి ఏంజెల్‌మన్ గురించి మాట్లాడితే అది అబద్ధం అవుతుంది. మూడూ కంట్రోల్ (ఏంజెల్‌మన్ లేని) పిల్లలవి కావడం ఒక్కటే అదృష్టం.

ఏసీని కూడా జనరేటర్ లైన్‌కి మార్పించాం. గది 30 దాటితే ఫోన్‌కి మెసేజ్ వచ్చే చిన్న సెన్సార్ పెట్టాం. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి లైన్ నుంచి పాసేజ్ 1లోనే (కణాలని మొదటిసారి కొత్త ప్లేట్‌కి మార్చేటప్పుడే) రెండు వయల్స్ ఫ్రీజ్ చేయడం, కణాలు తక్కువున్నా సరే: 90 శాతం సీరం, 10 శాతం డీఎంఎస్ఓ, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున దిగేలా ఐసోప్రొపనాల్ డబ్బాలో మైనస్ 80కి, మర్నాడు లిక్విడ్ నైట్రోజన్‌లోకి. నైట్రోజన్ గురించి టెన్షన్ పడక్కర్లేదు, పశువుల ఎద సూదుల క్యాన్లు నింపే బండే మాదీ నింపుతుంది. మా అటెండర్ అన్న ప్రతి సోమవారం చెక్క స్కేలు ముంచి లోతు రాస్తాడు, 15 సెంటీమీటర్ల కంటే తగ్గితే బండికి ఫోన్.

ఇప్పటిదాకా లెక్క: పెరిగినవి 18, పారేసినవి 3, నైట్రోజన్‌లో ఉన్న లైన్లు 15. వాటిలో ఏంజెల్‌మన్ 3, కంట్రోల్ 12. వయసూ, ఆడా మగా కలిసే జతలు 3.

దశ 5: న్యూరాన్లా, న్యూరాన్ వేషమా

పల్ప్ కణాలని న్యూరాన్లుగా మార్చడానికి మూడు మెట్లు. ముందు 5-అజాసైటిడిన్ 10 మైక్రోమోలార్, 48 గంటలు. తర్వాత ఫోర్‌స్కోలిన్, ఐబీఎంఎక్స్, టీపీఏ, డైబ్యూటిరిల్ సైక్లిక్ ఏఎంపీ, గ్రోత్ ఫ్యాక్టర్లు కలిపిన మిశ్రమం మూడు రోజులు. ఆపైన న్యూరోబేసల్-ఏ, ఎన్2, బీ27, ఎన్‌టీ-3తో పరిపక్వం కావడానికి వదిలేయడం. అజాసైటిడిన్ నీళ్ళలో త్వరగా విరిగిపోతుంది, అప్పటికప్పుడు కలుపుకోవాలి, మిగిలింది పారేయాలి. అదీ టీపీఏ కూడా ఒంటికి మంచివి కావు, గ్లోవ్స్ రెండు జతలు.

రెండో మెట్టు వేసిన కొన్ని గంటలకే మైక్రోస్కోప్‌లో కణం ఒళ్ళు ముడుచుకుని, సన్నటి కొమ్మలు చాచి, అచ్చం పాఠ్యపుస్తకంలో న్యూరాన్ బొమ్మలా కనబడింది. ఫొటోలు గ్రూపులో తిరిగాయి, మిఠాయి తెమ్మన్నారు. నాకు అనుమానం ఎక్కడ వచ్చిందంటే, అసలు న్యూరాన్ కావడానికి రోజులు పడుతుంది, ఇది పొద్దున వేస్తే సాయంత్రానికి అయిపోయింది. రసాయనాల దెబ్బకి కణం లోపలి చట్రం ముడుచుకుపోయినా ఇదే ఆకారం వస్తుంది, 2004లోనే ఎముక మజ్జ కణాల మీద ఈ గొడవ బయటపడింది. పరీక్ష తేలికే: సగం గుంటల్లో మిశ్రమం తీసేసి మామూలు మీడియం పోయండి. మా వాటిలో ఎక్కువ భాగం మర్నాటికి మళ్ళీ పరుచుకుని పాత ఆకారానికి వచ్చేశాయి. మిఠాయి ఆగింది.

బీటా-3 ట్యూబులిన్ రంగు కూడా నమ్మదగింది కాదు. న్యూరాన్ మార్కర్ అంటారు గానీ ఏ మిశ్రమమూ వేయని మామూలు పల్ప్ కణాల్లోనే అది కనబడుతుంది, న్యూరల్ క్రెస్ట్ పుట్టుక కదా. పోల్చడానికి పక్కన మామూలు కణాల గుంట లేకుండా ఎవరైనా ఆకుపచ్చ ఫొటో చూపిస్తే తిప్పి పంపేయండి. ఎంఏపీ2, న్యూఎన్ అనే ఇంకో రెండు న్యూరాన్ మార్కర్లూ చూడాలి, మిశ్రమం తీసేశాక కూడా నిలబడాలి.

మార్చాక పని చేసినవి:

1. పాలీ-డి-లైసిన్ మీద లామినిన్ పూత అదనం. అది లేక కణాలు పొరలా లేచిపోయేవి.
2. మీడియం ఎప్పుడూ సగమే మార్చాలి, గోడ వెంట మెల్లగా.
3. పాసేజ్ 3 లేదా 4 కణాలు మాత్రమే. జతలో ఇద్దరిదీ ఒకే పాసేజ్, ఒకే రోజు, ఒకే ప్లేట్.
4. మూడో మెట్టుని వారం నుంచి మూడు వారాలకి పెంచాం. వారం దగ్గర ఎంఏపీ2 అక్కడక్కడా, మూడు వారాలకి సగానికి పైగా కణాల్లో.

దశ 6: క్యూపీసీఆర్‌లో దెయ్యం

క్యూపీసీఆర్ (జీన్ ఎంత పనిచేస్తోందో కొలిచే పరీక్ష)తో మేము చూడాలనుకుంటున్నది ఇది. పల్ప్ కణాల్లో రెండు కాపీలూ పనిచేస్తాయి కాబట్టి అక్కడ అమ్మ కాపీ ఎగిరిపోయిన ఏంజెల్‌మన్ బిడ్డ యూబీఈ3ఏ కంట్రోల్‌లో సగం ఉండాలి. న్యూరాన్లయ్యే కొద్దీ ఎదురు ఆర్ఎన్ఏ లేచి, ఏంజెల్‌మన్ వైపు ఇంకా ఇంకా పడిపోవాలి.

పల్ప్ కణాల్లో సగం ఉండాలన్నది బాగానే వచ్చింది. ఎదురు ఆర్ఎన్ఏ మాత్రం పల్ప్ కణాల్లోనే కనబడింది, అది అక్కడ ఉండకూడదు. ఆర్ఎన్ఏని డీఎన్ఏగా మార్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైమ్ వేసిన ట్యూబ్ సీటీ (సిగ్నల్ కనబడటానికి పట్టిన సైకిళ్ళు, ఎక్కువైతే సరుకు తక్కువని అర్థం) 31.2, వేయని ట్యూబ్ 31.6. అంటే మేము కొలుస్తున్నది ఆర్ఎన్ఏ కాదు, దాంతో పాటు వచ్చేసిన డీఎన్ఏ. ఎంజైమ్ వేయని ట్యూబ్ పెట్టకపోయుంటే ఇది ఒక ఫలితంగా చలామణీ అయ్యేది.

మార్చినవి:

1. ఆర్ఎన్ఏ తీసే కాలమ్ మీదే డీఎన్ఏని కోసేసే డీఎన్ఏజ్ 15 నిమిషాలు, బయట మళ్ళీ ఒకసారి. ఎంజైమ్ వేయని ట్యూబ్ 40 సైకిళ్ళ దాకా ఖాళీ.
2. ఏటీఎస్ (ఆ ఎదురు ఆర్ఎన్ఏ), యూబీఈ3ఏ ఒకే చోట ఎదురెదురుగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. రెండూ కలిసే చోట ప్రైమర్ (కొలిచే భాగాన్ని పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్క) పెడితే ఏది ఏదో తెలియదు. ఏటీఎస్ ప్రైమర్లని యూబీఈ3ఏ దాటాక, పక్కనున్న ఎస్ఎన్ఓఆర్‌డీ115 జీన్ల వైపు ఉన్న భాగానికి జరిపాం.
3. కొలతలు సరిచూసుకోవడానికి, అన్ని కణాల్లో ఒకేలా పనిచేసే జీన్ ఒక్కటి కాదు, రెండు.

ఇప్పుడు పల్ప్ కణాల్లో ఏటీఎస్ లేదు, మూడు వారాల కణాల్లో సీటీ 34 దగ్గర వస్తోంది. చాలా బలహీనం. ఏంజెల్‌మన్ వైపు యూబీఈ3ఏ సగం నుంచి కొంచెం కిందికి జరిగింది, కానీ జతకీ జతకీ తేడా దానికంటే ఎక్కువ ఉంది. మూడు జతలతో దీన్ని ఫలితం అనను. మా కణాలు ఇంకా పిల్ల న్యూరాన్లు, నాన్న కాపీ నోరు పూర్తిగా మూతపడే వయసుకి రాలేదనిపిస్తోంది. ఇదే నిజమైతే ఇంకా ఎక్కువ రోజులు ఉంచాలి, లేదా ఈ పద్ధతితో అంతవరకే వస్తుందని ఒప్పుకుని ఆ మూడు లైన్లని ఐపీఎస్ చేసేవాళ్ళకి ఇవ్వాలి.

ముందున్న పని

ఒక జతని ఆరు వారాలు ఉంచుతున్నాం. పక్కనే టోపోటెకాన్ వేసిన గుంటలు పెడుతున్నాం. ఎలుక న్యూరాన్లలో అది నాన్న కాపీని మేల్కొలుపుతుందని 2012లో నేచర్ పత్రికలో వచ్చింది. మా ఏంజెల్‌మన్ కణాల్లో నాన్న కాపీ నిజంగా మూతపడి ఉంటే టోపోటెకాన్‌తో యూబీఈ3ఏ పెరగాలి. పెరగకపోతే అసలు మూతే పడలేదని అనుకోవాలి, లేదా మందు మోతాదు చాలలేదని, అందుకే మూడు మోతాదులు పెడుతున్నాం. ఇది క్యాన్సర్ మందు, ఈ పిల్లలకి వాడే సంగతి కాదు, ప్లేట్‌లో పరీక్షకే. ఈ మాట కుటుంబాలకి కూడా విడిగా చెప్పాం, ఎందుకంటే పేరు ఫోన్లో వెతికి "మా పాపకి తెప్పించమంటారా" అని అడిగినవాళ్ళు ఉన్నారు.

న్యూరాన్ నిజంగా పనిచేస్తోందా అని తేల్చడానికి సోడియం కరెంట్ కొలిచే ప్యాచ్ క్లాంప్ అనే పరికరం ఇక్కడ లేదు. బతికున్న న్యూరాన్లని బండి మీద హైదరాబాద్ తీసుకెళ్ళే ఆలోచన మానుకున్నాం. ఫ్రీజ్ చేసిన వయల్స్ పంపి, అక్కడే కరిగించి, అక్కడే మూడు మెట్లూ చేయించాలి. అందుకు ముందు మా ప్రోటోకాల్‌ని వేరే చేతులు చేయగలవో లేదో తేలాలి కాబట్టి, వచ్చే బ్యాచ్ నేను ముట్టుకోను. కొత్తగా చేరిన ఎమ్మెస్సీ అబ్బాయి ఈ డైరీ ఒక్కటే చూసుకుని చేస్తాడు, ఎక్కడ ఆగిపోతే అక్కడ ఇందులో లైను మారుస్తాను.